పాత ఇంటి పొగగూడు, కొత్త గ్యాస్ గీజరు: స్టీలు పైపు దించాలా, గోడకు కన్నం పెట్టాలా, మూసేయాలా?

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లోనూ, చిత్తూరులో గ్రీమ్స్‌పేట వైపూ పాత మద్రాసు మిద్దెలు ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్నటి ఇటుకలు, పైన సున్నపు గచ్చు. అలాంటి ఇళ్లలో వంటింట్లో పొయ్యి మీద ఒక పొగగూడు, నీళ్ల గదిలో కాగు మీద ఇంకోటి ఉండేవి. ఇప్పుడు కాగు అటకెక్కింది. దాని వెనక గోడకే గ్యాస్ గీజరు తగిలించుకుంటున్నారు. పొగగూడు ఎలాగూ ఉంది కదా, గీజరు పొగ అందులోకి వదిలేస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది.

చిత్తూరులో అమ్మ ఉండే ఇంట్లో గీజరు పెట్టినతను పైపును మోచేతిలా వంచి పొగగూట్లో దూర్చి, చుట్టూ సిమెంటు పూసి వెళ్లిపోయాడు. ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ తెలియలేదు. కార్తీకం వానలు మొదలయ్యాక అమ్మ స్నానం చేసి వచ్చి కూర్చుంటే తల పోటు, కళ్లు తిరగడం. బీపీ అనుకుని మాత్ర మార్పించాం. అదే సమయంలో నడింట్లో, పొగగూడు వెళ్లే గోడ మీద తేనెరంగు మరక ఒకటి పై నుంచి కిందికి జారింది. వేలితో రాస్తే జిగటగా అంటుకుంది, వాసన చూస్తే పాత కట్టెల పొయ్యి వాసన. మేస్త్రీని పిలిచి పైపు పీకిస్తే దాని నోటికి అడ్డంగా పావురాల గూడు, పుల్లలన్నీ తడిసి నల్లగా ఉన్నాయి. తలపోటుకూ మరకకూ కారణం ఒక్కటేనని అప్పుడు అర్థమైంది.

అందుకే ఈ పోలిక రాస్తున్నాను. ముందు నా తీర్పు చెప్పేస్తాను. గ్యాస్ పొగను పాత ఇటుక గోడకు తాకనివ్వకూడదు. పొగగూడు చూడటానికి ఎంత గట్టిగా ఉన్నా సరే. ఈ ఒక్క మాట దగ్గర గీత గీసుకుంటే మిగతా ఎంపిక మీ ఇంటి గోడల్ని బట్టి తేలిపోతుంది.

కట్టెల పొగ వేరు, గ్యాస్ పొగ వేరు

కట్టెల పొగ బాగా వేడిగా ఉంటుంది, ఎక్కువగా ఉంటుంది. అందుకే పాతవాళ్లు పొగగూళ్లను వెడల్పుగా కట్టారు. గ్యాస్ పొగ తక్కువ, దాని వేడీ తక్కువ, పైగా అందులో నీళ్లు చాలా ఎక్కువ. వంటగ్యాస్ కిలో మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది. నిమిషానికి ఆరు లీటర్లు కాచే గీజరు గంటకు సుమారు కిలో గ్యాస్ తాగుతుంది. అంటే పావుగంట స్నానానికి దాదాపు 400 మిల్లీలీటర్ల నీళ్లు పొగలో కలిసి పైకి పోవాలి. 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి 22 లీటర్లు, దాదాపు రెండు బిందెలు.

ఆ ఆవిరి సుమారు 55 డిగ్రీల కిందికి చల్లబడితే చాలు, నీళ్లయిపోతుంది. వెడల్పాటి పొగగూట్లో చల్లటి మందపు గోడ తగిలితే ఆ చల్లబడటం ఎంతోసేపు పట్టదు. కారే నీళ్లు పులుపు గుణంతో ఉంటాయి. ఏళ్ల తరబడి పేరుకున్న మసిని కరిగించుకుని, ఇటుకల మధ్య సున్నాన్ని తింటూ గోడలోకి ఇంకుతాయి. మా నడింటి మరక అదే.

పొగగూడు ఎంత వెడల్పు ఉండొచ్చో చెప్పే లెక్క ఒకటి అమెరికా గ్యాస్ నియమాల్లో ఉంది: గీజరు పొగపైపు నోటి వైశాల్యానికి పొగగూడు లోపలి వైశాల్యం ఏడు రెట్లకు మించకూడదు. మాది లోపల 14 అంగుళాలు, 9 అంగుళాలు, అంటే 126 చదరపు అంగుళాలు. గీజరు పైపు నాలుగంగుళాలు, దాని వైశాల్యం పన్నెండున్నర. పది రెట్లు! మీ ఇంట్లో టేపు పెట్టి ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. పాత పొగగూళ్లలో చాలావాటికి ఇది కుదరదు.

మన ఊళ్లకు ప్రత్యేకంగా ఇంకో చిక్కు ఉంది. పొగ పైకి లాగాలంటే గొట్టంలోని గాలి బయటి గాలి కంటే వేడిగా, తేలికగా ఉండాలి. చలిదేశాల్లో బయట మంచు, లోపల వెచ్చదనం, కాబట్టి లాగుడు బాగుంటుంది. మన దగ్గర మేలో మధ్యాహ్నం బయట 42 డిగ్రీలుంటే పాత మిద్దె లోపల పదిడిగ్రీలు తక్కువ ఉంటుంది. పొగగూట్లో చల్లటి గాలి బరువెక్కి కిందికే దిగుతుంది. అప్పుడు గీజరు వెలిగిస్తే మొదటి కొన్ని నిమిషాలు పొగ గదిలోకే తన్నవచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాను గానీ, గంటకు వెయ్యి ఘనమీటర్లకు పైగా గాలి లాగే వంటింటి కరెంటు చిమ్నీ గానీ ఆ సమయంలో తిరుగుతుంటే ఇంకా సులువుగా వెనక్కి తన్నుతుంది.

వెనక్కి తన్నిన పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలపోటు, వికారం, కళ్లు తిరగడం మొదటి గుర్తులు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికెళ్లగానే తగ్గితే దాన్ని ఎండదెబ్బ అనుకోవద్దు. గీజరు ఆపి, తలుపులు తీసి, బయటికి వచ్చేయండి.

పొగగూటి జోలికి పోకుండా గోడ బయటికి

గీజరు ఉన్న గోడకు అవతల వీధో పెరడో ఉంటే ఎక్కువ ఆలోచించొద్దు. నాలుగడుగుల పైపుతో అయ్యే పనికి ఇరవై అడుగుల పొగగూడును బాగుచేయించడం అనవసరం. ఫ్యానుతో పొగను బయటికి నెట్టే గీజరుకు గోడలో కన్నం చాలు. మండటానికి కావాల్సిన గాలిని కూడా బయటి నుంచే తీసుకుని, పొగను బయటికే వదిలే మూసిన రకం దొరికితే అంతకంటే మంచిది, గది గాలితో దానికి పనే లేదు. ఇవేవీ వద్దనుకుంటే గీజరునే బయటి వసారాలో, వాన తగలని చోట పెట్టి నీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకోవచ్చు. తిరుపతి కొత్త కాలనీల్లో ఈ పద్ధతే బాగా నడుస్తోంది. మన ఎండలకు నీళ్ల పైపు పొడవు పెరిగినా వేడి పెద్దగా పోదు.

కన్నం పెట్టేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. పొగ బయటికొచ్చే చోటు పక్క కిటికీకి దగ్గరగా ఉండకూడదు. మద్రాసు మిద్దెలో టేకు దూలం కొన గోడలోకి ఎక్కడ దిగిందో కనుక్కోకుండా డ్రిల్లు పెట్టకూడదు. వేడి పైపు పక్కన వందేళ్ల ఎండు టేకు ఉండటం మంచిది కాదు.

పొగపైపే లేని గీజరును స్నానాలగది లోపల పెట్టడం గురించి పోల్చడానికేమీ లేదు. అది వద్దు. ఎల్పీజీతో నడిచే చిన్న గీజర్లకు ఐఎస్ 15558 అని భారతీయ ప్రమాణం ఉంది. కొనేటప్పుడు ఆ గుర్తు చూసుకోవడం ఎంత ముఖ్యమో, దాన్ని గాలి ఆడే చోట, స్నానాలగది బయట పెట్టించడం అంతకన్నా ముఖ్యం. కిలో గ్యాస్ సరిగ్గా మండటానికే దాదాపు 12 ఘనమీటర్ల గాలి కావాలి. తలుపు బిగించిన చిన్న గదికి ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

పొగగూట్లోకి స్టీలు పైపు దించడం

మా ఇంటికి గోడదారి లేదు. నీళ్ల గదికి ఇటూ అటూ పక్కింటి గోడలే, పాత వీధుల్లో ఇళ్లన్నీ భుజాలు కలుపుకుని ఉంటాయి. మిగిలిన దారి ఆకాశం వైపే. ఇలాంటి ఇళ్లకే లోపలి పైపు. పాత ఇటుక గొట్టం దానికి ఒర లాంటిది, పొగ మాత్రం స్టీలులోనే నడవాలి.

పైపు విషయంలో దుకాణాల్లో దొరికేవన్నీ ఒకటి కావు. జింకు పూత రేకు పైపు చవక, కానీ పులుపు నీళ్లకు ఆ పూత తొందరగా పోయి తుప్పు పడుతుంది. వంటింటి చిమ్నీలకిచ్చే అల్యూమినియం రేకు గొట్టం మడతలు పడి చిరుగుతుంది, అది గ్యాస్ పొగకు చేసినది కాదు. పీవీసీ పైపు మాటే ఎత్తొద్దు, మామూలు గీజరు పొగ వేడికి అది మెత్తబడి వంగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోవాలి, అందులోనూ 304 కంటే 316 రకం పులుపుకూ క్లోరిన్‌కూ బాగా తట్టుకుంటుంది. క్లోరిన్ అంటే ఎక్కడిదనుకోవద్దు. గీజరు కింద బ్లీచింగ్ పౌడరు డబ్బా పెట్టుకుంటే ఆ ఆవిరి మంటలోకి పోయి ఆమ్లంగా మారి స్టీలును తింటుంది. డబ్బా వేరే గదికి మార్చండి.

పొగగూడు నిట్టనిలువుగా ఉంటే గట్టి పైపు ముక్కలు దించవచ్చు. వంకర ఉంటే వంగే స్టీలు గొట్టం కావాలి. లోపల నునుపుగా, బయట మెలికలుగా రెండు పొరలుండే రకం వస్తుంది, దాని మీద పొగ ఎటు పోవాలో బాణం గుర్తు ఉంటుంది. గట్టి పైపుల్లో పై ముక్క కింది ముక్కలోకి దిగేలా అతకాలి. అప్పుడే కారే నీళ్లు పైపులోనే కిందికి వస్తాయి. తిరగేసి అతికితే ప్రతి అతుకు దగ్గరా నీళ్లు బయటికి కారి మళ్లీ గోడకే చేరతాయి. అడుగున ఇంగ్లిషు T ఆకారపు ముక్క పెట్టి, దానికి నీళ్లు వదిలే మూత బిగించాలి. సైజు గీజరు కంపెనీ చెప్పినంతే ఉండాలి. నాలుగంగుళాల నోటికి మూడంగుళాల పైపు వేస్తే పొగ ఆగిపోతుంది, ఆరంగుళాలు వేస్తే మళ్లీ చల్లబడుతుంది.

పైపు దించేముందు మసి పూర్తిగా గీకించాలి. మా పొగగూట్లో నుంచి రెండు సిమెంటు బస్తాల మసి వచ్చింది. కొంత పొడి, కొంత తారులా గట్టిపడిన పెంకులు. సెల్‌ఫోన్‌ను సంచిలో పెట్టి తాడు కట్టి, టార్చి వేసి, వీడియో ఆన్ చేసి పై నుంచి దించాం. తొమ్మిదో అడుగు దగ్గర ఇటుక ఒకటి ఊడి, దాని వెనక పక్కింటి అలమరా వెనక చెక్క కనిపించింది. ఇన్నాళ్లూ మా పొగ వాళ్లింట్లోకి కూడా పోయి ఉండొచ్చు. ఆ వీడియో చూడకుండా ఏ మేస్త్రీ మాటా ఖాయం చేసుకోవద్దని నేను అందరికీ చెబుతున్నాను.

పైపు దించాక పైనా కిందా స్టీలు ప్లేటుతో సందు మూసెయ్యాలి. బ్రిటన్‌లో గ్యాస్ లైనర్లు, అంటే ఇలా పొగగూట్లోకి దించే లోపలి పైపులు, అలాగే బిగిస్తారు. మధ్యలో నిలిచిన గాలే పైపుకు దుప్పటిలా పనిచేస్తుంది.

మట్టి పైపులు, సిమెంటు పూత గురించి కూడా మేస్త్రీలు చెబుతారు. మెరుపు పూత ఉన్న మట్టి పైపు పులుపుకు తట్టుకుంటుంది, నిజమే. కానీ కట్టేసిన పొగగూట్లోకి అడుగు అడుగు ముక్కలు దించి అతకడం కష్టం, ఒక్క అతుకు తప్పినా మొదటికొచ్చినట్టే. లోపలంతా సిమెంటు పూయిస్తే పులుపు నీళ్లు దాన్నీ తింటాయి. పాత ఆస్‌బెస్టాస్ పైపు లోపల కనిపిస్తే కోయొద్దు, పగలగొట్టొద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది.

అమెరికాలో పాత ఇల్లు కొన్న పిల్లలు ఫోన్లో ఇదే సంగతి అడుగుతుంటారు. అక్కడ ఇటుక చిమ్నీలో మట్టి పలకల లైనరు ఉంటుంది. ఇల్లు వెచ్చబెట్టే పాత ఫర్నేసూ వాటర్ హీటరూ కలిసి దాన్ని వాడేవి. కొత్త ఫర్నేసు పొగ పక్క గోడ నుంచి పోతే, ఒంటరిగా మిగిలిన చిన్న హీటరు అంత పెద్ద చిమ్నీని వేడెక్కించలేదు. దానికీ మందు ఇదే, సరిపడా సైజు లోహపు లైనరు.

మంటే వద్దనుకుంటే

ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి 15 లీటర్ల కరెంటు గీజరు చాలు, రెండు కిలోవాట్లది. పాత ఇంటి వైరింగు బట్ట చుట్టిన తీగలైతే ముందు అది మార్చాలి, ఎర్తింగు తప్పనిసరి. మిద్దె మీద ఎండకు కొదవలేదు కాబట్టి సోలార్ కూడా బాగా పనికొస్తుంది. కానీ నిండిన ట్యాంకు బరువు పాత టేకు దూలాల మధ్యలో పడకూడదు, గోడ మీదికి వచ్చేలా స్టాండు చేయించాలి. కార్తీక మార్గశిరాల్లో మబ్బు రోజులకు కరెంటు కాయిలు అండగా ఉండాలి.

పక్కన నాలుగంతస్తుల లాడ్జి లేచిన ఇళ్లవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే. అంత ఎత్తు గోడ పక్కనుంటే గాలి దాని మీద నుంచి దూకి మన పొగగూట్లోకి దిగుతుంది. ఎంత మంచి స్టీలు పైపు వేసినా ఆ గాలిని ఆపలేరు. అక్కడ పైపు మీద ఖర్చు పెట్టకండి.

పొగగూడు బాగుచేయడం

ఏ దారి ఎంచుకున్నా మిద్దె మీద కనిపించే భాగాన్ని మాత్రం వదిలేయొద్దు. ముందు దెబ్బతినేది అదే. మా మేస్త్రీ పైకెక్కి చూసి, "పొగగూడు గట్టిగానే ఉండాది సార్, దీన్నెందుకు పీకేది? రావిచెట్టు ఒకటే తీసేయాల" అన్నాడు. ఇటుకల సందులో జానెడు రావి మొక్క. పైకి జానెడే, వేరు లోపల మూరెడు దూరం పాకింది. పైన కోసేస్తే మళ్లీ వస్తుంది. చుట్టూ నాలుగు వరుసలు విప్పి వేరుతో సహా తీసి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

ఆ కట్టడం సిమెంటుతో చేయించొద్దు. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టిది. చెమ్మ సందుల్లోంచి బయటికి పోలేక ఇటుకలోనే నిలిచి, ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. ఒకపాలు సున్నానికి మూడుపాళ్లు ఇసుక, వీలైతే అందులో కొంత ఇటుకపొడి కలిపి సందులు నింపించండి. పాతవాళ్లు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసి గానుగలో సున్నం నూరేవాళ్లు. ఇప్పుడు గానుగ దొరక్కపోయినా తడి సున్నాన్ని బాగా మాగనిచ్చి వాడితే చాలు. వారం పది రోజులు తడి గోనెసంచి కప్పి ఉంచాలి. ఎండాకాలంలో ఈ పని పెట్టుకుంటే సున్నం పట్టేలోపే ఎండి రాలుతుంది. వానలు కాస్త వెనకబడిన ఆగస్టు, లేదా సంక్రాంతి తర్వాత మంచి సమయం.

పైన టోపీ, దాని చుట్టూ జాలీ ఉండాలి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు చూసినవాళ్లకు టోపీ ఎందుకో చెప్పక్కర్లేదు. జాలీ పావురాల కోసం. మరీ సన్నటి జాలీ వేస్తే దుమ్ముకూ బూజుకూ మూసుకుపోతుంది. పిట్టగోడ కంటే కనీసం రెండడుగులు పైకి ఉంటే గాలి సుడి తక్కువ. కోతులు ఊపినా ఊడకుండా నాలుగు వైపులా బోల్టులు బిగించాలి, తిరుపతిలో ఇది తప్పదు.

వంటింటి కరెంటు చిమ్నీ గొట్టాన్ని గీజరు పొగగూట్లో కలపొద్దు. ఖాళీ ఇటుక పొగగూట్లోకి వదలడం కూడా మంచిది కాదు. నూనె జిడ్డు ఇటుకలకు పట్టి, ఒక్క నిప్పురవ్వకు అంటుకోగలదు. పొగగూడును పూర్తిగా వదిలేస్తున్నట్టయితే పైన టోపీ వేసి, కింద చిన్న జాలీ పెట్టి గాలి ఆడనివ్వండి. రెండువైపులా గట్టిగా మూసేస్తే లోపలి చెమ్మ గోడను పాడుచేస్తుంది.

పని అయ్యాక పరీక్ష

తలుపులు, కిటికీలు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, గీజరు వెలిగించి ఐదారు నిమిషాలు ఆగండి. గీజరు నెత్తిన, పొగపైపు మొదలయ్యే చోట ఉండే రేకు గొడుగు అంచు దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి పీలిస్తే సరే. ఎదురు మొహాన కొడితే ఆ గీజరు వాడొద్దు, పనిచేసినవాళ్లను మళ్లీ పిలిపించండి. గొడుగు లేని మూసిన రకానికి ఈ పరీక్ష వర్తించదు. మేం ఇది ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి మే నెల మిట్టమధ్యాహ్నం, ఒకసారి జోరువానలో చేశాం. మధ్యాహ్నం పూట మొదటి నిమిషం పొగ తటపటాయించి, తర్వాత లోపలికి తిరిగింది. అందుకే ఎండాకాలం అమ్మ గీజరు వేసి, కిటికీ తీసి పెట్టి, రెండు నిమిషాలాగి వెళ్తుంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని అమ్మ పడకగదిలో పెట్టాం. గ్యాస్ లీకు అలారం వేరు, ఇది వేరు. ఎల్పీజీ గాలికంటే బరువు కాబట్టి దాని అలారం నేలకు దగ్గరగా పెట్టాలి. పైపు గ్యాస్ తేలిక కాబట్టి దానికి పైన. మా బోరు నీళ్లు బాగా ఉప్పు, గీజరు రాగి చుట్టలో ఏడాదికే పెచ్చు కడుతుంది. పైన రెక్కల మధ్య మసి పడితే మంట పసుపు తిరుగుతుంది. నీలం మంట పసుపైతే గ్యాస్ సరిగ్గా మండటం లేదని అర్థం. ఏటా వానలకు ముందు గీజరు విప్పి కడిగించి, ఆ రోజే అడుగు మూత తీసి నీళ్లు వదిలి, మిద్దె మీద టోపీ కదిపి చూస్తున్నాం.

వంటింటి పొగగూడును మాత్రం కట్టెల కోసమే ఉంచుకున్నాం. సంక్రాంతికి పొంగలి అక్కడే పొంగుతుంది. నీళ్ల గది పొగగూటి కింద, పండక్కి వచ్చిన చుట్టాలెవరైనా అలవాటుకొద్దీ కాగు పెట్టి కట్టెలు రాజేస్తారేమోనని, స్టీలు ప్లేటు పక్కన గోడ మీద ఎర్ర రంగుతో పెద్దక్షరాలతో రాయించాం: "లోపల గ్యాస్ పైపు ఉంది, కట్టెలు వెలిగించవద్దు."